ఇంటి మురుగు గొట్టములు – లోపములను ముందుగా గుర్తించు విధము

ఇంటిలోనికి వచ్చు నీటిని గూర్చి మనకు గల శ్రద్ధ, ఇంటినుండి వెలుపలికి పోవు నీటిని గూర్చి సాధారణముగా ఉండదు. కుళాయి ఒక్కపూట రాకపోయినచో ఇల్లంతయు కలవరపడును. మురుగు తూము నెల దినములుగా నిదానముగా పారుచున్నను ఎవరును పట్టించుకొనరు. గొట్టము భూమిలో ఉన్నది, కంటికి కనబడదు, దానిని తలచుకొనుటయే కొందరికి ఏవగింపు. అయినను, ఆ గొట్టము పూర్తిగా చెడుటకు ముందు చాలవరకు కొన్ని సూచనలు చేయుచునే యుండును. శబ్దము, వాసన, తేమ, నీటి వేగము – ఈ నాలుగింటిని గమనించు అలవాటున్న గృహస్థుడు రోగమును, వ్యయమును రెండింటిని తప్పించుకొనగలడు. ఆ సూచనలేవో, అవి కనబడినప్పుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మురుగు, మంచినీరు కలిసినచో

మురుగునీరు త్రాగునీటిలో కలిసినచో కలుగు అనర్థమునకు మన దేశ చరిత్రలోనే పెద్ద నిదర్శనము కలదు. 1955వ సంవత్సరము చివర ఢిల్లీలో యమునానదికి వరద వచ్చి, నది పాయ మారినది. నజఫ్‌గఢ్ కాలువలోని మురుగు వెనుకకు మళ్లి, వజీరాబాదు వద్ద నగరమునకు నీరు తోడుకొను చోటికి చేరెను. 1955 డిసెంబరు, 1956 జనవరి మాసములలో సుమారు 29,300 మందికి పచ్చకామెర్లు సోకినవి. నీటిని శుద్ధి చేయు కేంద్రమున్నను ఈ విపత్తు తప్పలేదు. ఈ జబ్బు నేడు హెపటైటిస్ ‘ఇ’ అని పిలువబడు వైరస్ వలన కలిగినదని తరువాతి దశాబ్దముల పరిశోధనలో తేలినది. ఈ వైరస్ గర్భిణీ స్త్రీలకు, ముఖ్యముగా చివరి మూడు నెలలలో, ప్రాణాంతకము కాగలదు.

ఢిల్లీలో నగరమంతటికి జరిగినది, ఒక్కొక్క వీధిలో, ఒక్కొక్క ఇంటిలో చిన్న పరిమాణమున జరుగుటకు పెద్ద వరద అక్కరలేదు. పగిలిన మురుగు గొట్టము ఒకటి, దాని ప్రక్కనే తుప్పుపట్టిన మంచినీటి గొట్టము ఒకటి ఉన్న చాలును. మన పట్టణములలో పెక్కింటికి నీరు రోజంతయు రాదు. కొన్ని గంటలు మాత్రమే వచ్చును. నీరు వచ్చుచున్నంతసేపు గొట్టములో ఒత్తిడి యుండును గనుక, రంధ్రమున్నను లోపలి నీరే బయటికి కారును. నీరు ఆగినంతనే ఒత్తిడి తగ్గి, చుట్టునున్న మురుగు ఆ రంధ్రము గుండా లోనికి చొచ్చును. మరునాడు కుళాయి తిప్పిన వెంటనే మొదట వచ్చునది ఆ నీరే. టైఫాయిడు, కలరా, అతిసారము, పచ్చకామెర్లు ఈ దారిన ఇంటికి వచ్చును.

మురుగు మార్గము – దాని భాగములు

సూచనలను అర్థము చేసికొనవలెనన్నచో, నీరు పోవు దారిని ముందుగా తెలిసికొనవలెను. వంటింటి తొట్టినుండి, స్నానపు గది జలదారినుండి, బట్టలుతుకు చప్టానుండి వచ్చు నీరు ఇంటి వెలుపల గోడ ప్రక్కనున్న గల్లీ ట్రాపులో పడి, అచటినుండి చాంబరునకు పోవును. మరుగుదొడ్డి గొట్టము వేరుగా వచ్చి చాంబరులో కలియును. చాంబరునుండి ఒకే గొట్టము వీధిలోని మురుగు లైనునకో, అది లేని చోట సెప్టిక్ ట్యాంకునకో చేరును.

ప్రతి తూము క్రింద వంపు తిరిగిన ట్రాపు ఒకటి యుండును. ఆ వంపులో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచి, గొట్టములోని దుర్వాయువు గదిలోనికి రాకుండ అడ్డుకొనును. ఈ ఉపాయమునకు 1775వ సంవత్సరములో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారముల నిపుణుడు. ఇంత సులభము, ఇంత చౌక, ఇంత ఉపయోగకరమైన సాధనము ఇంటిలో మరియొకటి లేదని చెప్పవచ్చును. ఈ నీటి అడ్డు లోతు 50 మిల్లీమీటర్లకు తగ్గకుండ ఉండవలెను.

మరుగుదొడ్డి గొట్టమునకు పైకప్పును దాటి పోవు గాలిగొట్టము ఒకటి ఉండవలెను. చాలమంది దీనిని దుర్వాసన పోవుటకు మాత్రమే అని తలతురు. దానికి మరియొక పని కూడ కలదు. నీరు ఒక్కుమ్మడిగా గొట్టములో దిగునప్పుడు దాని వెనుక గాలి చొరవలెను. గాలికి దారి లేనిచో, ఆ నీరు ట్రాపులలోని నీటినే పీల్చుకొని పోవును. అప్పుడు ట్రాపు ఉన్నను లేనట్లే.

భూమిలోని గొట్టమునకు వాటము ముఖ్యము. 100 మిల్లీమీటర్ల గొట్టమునకు 40 అడుగుల పొడవునకు ఒక అడుగు చొప్పున, 150 మిల్లీమీటర్ల గొట్టమునకు 60 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చుట ఇంజనీర్లకు చిరకాలముగా తెలిసిన లెక్క. వాటము చాలనిచో మలినము అడుగున పేరుకొనును. గొట్టము నడుమ క్రుంగి బొజ్జవలె వంగినచో ఆ చోట నీరు నిలిచి, ఎన్ని పర్యాయములు శుభ్రము చేయించినను అచ్చటనే మరల అడ్డు పడుచుండును. ఏడాదికి రెండు మూడు పర్యాయములు ఒకేచోట అడ్డుపడు గొట్టమును కడుగుట కంటె త్రవ్వి వాటము సరిచేయుట మేలు.

మొదటి సూచన – శబ్దము

మరుగుదొడ్డిలో నీరు పోసినప్పుడు స్నానపు గది జలదారిలో ‘గుడగుడ’ శబ్దము వినబడుచున్నదా? తొట్టిలోని నీరు తీసినప్పుడు మరుగుదొడ్డి గిన్నెలో బుడగలు లేచుచున్నవా? గొట్టములో గాలి చిక్కుకొని, దారి కానక, ట్రాపులోని నీటిని చీల్చుకొని వచ్చుచున్నదని దాని అర్థము. గాలిగొట్టము మూసికొనిపోయి యుండవచ్చును. పక్షి గూడు, ఎండుటాకులు అందుకు తరచు కారణములు. లేక, ముందుకు పోవు లైను కొంతవరకు పూడి యుండవచ్చును. నీరు ఇంకను పారుచున్నది గనుక ఇంటివారు ఈ శబ్దమును లెక్కచేయరు. కాని బాగుచేయుటకు అతి సులభమైన దశ ఇదియే.

రెండవ సూచన – నీరు నిదానించుట

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసికొన్నచో లోపము ఎచ్చట నున్నదో చాలవరకు తెలిసిపోవును: నీరు నిదానించినది ఒక్క తూమునందా, అన్ని తూములందా?

ఒక్క వంటింటి తొట్టిలోనే నీరు నిలిచి, తక్కినవన్నియు చక్కగా పారుచున్నచో, లోపము ఆ తొట్టి ట్రాపులోనో, దాని చిన్న గొట్టములోనో ఉన్నది. నూనె, నెయ్యి, గంజి, టీపొడి అచట గడ్డకట్టి యుండును. స్నానపు గదిలో అయినచో వెండ్రుకలు, సబ్బు ముద్ద కారణము. ఒకే గోడ వెంట నున్న రెండు మూడు తూములు నిదానించినచో, అవి కలియు గొట్టములో లోపము కలదు. ఇంటిలోని అన్ని తూములును ఒకేసారి నిదానించినచో, లోపము చాంబరునకు సమీపమునగాని దాని అవతలగాని ఉన్నది.

దీనిని నిర్ధారించుటకు ఇంటికి దగ్గరగా నున్న చిన్న చాంబరు మూత తెరచి చూడవచ్చును. మూత తెరచు నప్పుడు ముఖము దూరముగా నుంచవలెను. చుట్టగాని, అగ్గిపుల్లగాని దరిదాపులకు రానీయరాదు. పిల్లలను దూరముగా నిలుపవలెను. చాంబరు నిండియున్నచో అడ్డు దానికి అవతల, అనగా వీధివైపు ఉన్నది. చాంబరు ఖాళీగా నుండి, ఇంటిలో నీరు నిలిచియున్నచో అడ్డు ఇంటికి, చాంబరునకు నడుమ ఉన్నది. ఈ చిన్న పరీక్ష చేయకయే గచ్చు పగులగొట్టించి ధనము వ్యర్థము చేసికొన్నవారు పలువురు కలరు.

మూడవ సూచన – వెనుకకు పొంగుట

మురుగు వెనుకకు తన్నునప్పుడు ఇంటిలో అన్నిటికంటె పల్లమున నున్న తూము ద్వారా పైకి వచ్చును. క్రింది అంతస్తు స్నానపు గది జలదారియే సాధారణముగా ఆ చోటు. పలు అంతస్తుల భవనములలో పైవారు వాడిన నీరు క్రిందివారి గదిలో ప్రత్యక్షమగును. తాము నీరు వాడకున్నను తమ జలదారి పొంగుచున్నదని క్రింది అంతస్తువారు చెప్పినచో అది వారి ఇంటి లోపము కాదు. అందరి నీరు కలిసి పోవు లైను అడ్డుపడినదని గ్రహించి, ఖర్చును అందరును కలిసి భరించుట న్యాయము.

వర్షము పడినప్పుడు మాత్రమే పొంగుచున్నచో కారణము వేరు. మిద్దెమీది వాననీటి గొట్టములను మురుగు లైనునకు కలుపుట మన పట్టణములలో పెద్ద దురభ్యాసము. వీధి మురుగు లైను ఇండ్లనుండి వచ్చు నీటికి తగినంతగా వేయబడినది. కుండపోత వాన నీటిని అది మోయలేదు. ఎగువనున్న పది ఇండ్లవారు వాననీటిని అందులోనికి వదలినచో పల్లమున నున్న ఇంటివారి మరుగుదొడ్డి పొంగును. వాననీరు వాన కాలువలోనికో, ఇంకుడు గుంతలోనికో పోవలెను.

మురుగు పొంగిన గదిలో చెప్పులు లేక నడువరాదు. నీరు తీసిన పిమ్మట నేలను సబ్బునీటితో కడిగి, తరువాత బ్లీచింగు నీటితో తుడిచి, ఆరనీయవలెను. తడిసిన ధాన్యము, కూరగాయలు పారవేయవలెను.

నాలుగవ సూచన – దుర్వాసన

ఇంటిలో మురుగు వాసన వచ్చుచున్నచో మొదట చూడవలసినది ట్రాపులోని నీరు. చాలకాలము వాడని గదిలో, వేసవిలో, ట్రాపులోని నీరు ఆవిరియై పోవును. ఒక చెంబెడు నీరు పోసి చూడవలెను. వాసన పోయినచో సరి. వారమునకు ఒకసారి అట్లే పోయుచుండవలెను. నీరు పోసినను కొద్ది గంటలలోనే వాసన మరల వచ్చుచున్నచో, ట్రాపు పగిలియైన నుండవలెను, గాలిగొట్టము మూసికొనియైన నుండవలెను.

ఎండిన ట్రాపును అల్పమైన లోపముగా ఎంచరాదు. 2003వ సంవత్సరములో హాంకాంగు నగరమునందలి అమోయ్ గార్డెన్స్ అను భవన సముదాయములో సార్స్ వ్యాధి మూడువందల మందికి పైగా సోకినది. స్నానపు గదుల నేలనున్న తూములలో నీటి అడ్డు ఎండిపోయి యుండుట, గాలిని బయటికి లాగు పంకాలు మురుగు గొట్టములలోని తుంపరలను గదులలోనికి పీల్చుట అచట వ్యాధి వ్యాపించుటకు ముఖ్య కారణములలో చేరినవని విచారణలో తేలినది. ఒక చెంబెడు నీటి విలువ ఎంతటిదో దీనివలన తెలిసికొనవచ్చును.

ఐదవ సూచన – గోడ, నేల, చెట్టు

భూమిలో గొట్టము పగిలినచో నేలయే సాక్ష్యము చెప్పును. వాన లేని దినములలో ఒకేచోట తేమ, ప్రహరీ అంచున ఒక్క తావున మాత్రమే ఏపుగా పెరిగిన గడ్డి, గచ్చు క్రుంగుట, పునాది వద్ద గోడకు చెమ్మ ప్రాకి సున్నము రాలుట – ఇవి ముఖ్య చిహ్నములు. కొత్తగా ఎలుక కన్నములు కనబడినను అనుమానింపవలెను. పగిలిన గొట్టము ఎలుకలకు రాజమార్గము. ఎలుక మూత్రమువలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును.

రావి, మఱ్ఱి, వేప వంటి చెట్ల వేళ్లు తేమను వెదకుకొనుచు పోవును. పాత ఇండ్లలో మట్టితో కాల్చిన గొట్టములను సిమెంటుతో అతికించెడివారు. ఆ అతుకు నెఱ్ఱె విచ్చినచో సన్నని వేరు లోన జొరబడి, లోపల కుచ్చువలె పెరిగి, కాగితములను, పీచును పట్టి నిలుపును. అట్టిచోట వేరును కోయించుటతో పని తీరదు, అతుకును బాగుచేయింపవలెను.

నిలిచిన మురుగు దోమలకు పుట్టినిల్లు. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయు క్యూలెక్స్ దోమ మురికినీటిలో, సెప్టిక్ ట్యాంకులలో గ్రుడ్లు పెట్టును. కోస్తా జిల్లాలలో బోదకాలు ఎంత బాధ పెట్టినదో ఆంధ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. చాంబరు మూతలు సందు లేకుండ అమరవలెను. గాలిగొట్టము కొనకు సన్నని వల కట్టవలెను.

ఆరవ సూచన – త్రాగునీరు

కుళాయి నీటికి మురుగు వాసనగాని, నలుపుగాని, నురుగుగాని ఉన్నచో ఆ నీటిని త్రాగుటకు, వంటకు, పండ్లు తోముటకు వాడరాదు. వెంటనే నీటి సరఫరావారికి తెలుపవలెను. నీరు తేటగా నున్నంత మాత్రమున మంచిదని నమ్మరాదు; రోగక్రిములు కంటికి కనబడవు. మలిన కలుషితమును ఇంటివద్దనే పరీక్షించు చిన్న సీసాలు మన దేశములో వాడుకలో నున్నవి. గ్వాలియరులోని రక్షణ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని 1982లో ప్రకటించిరి. సీసాలో నీరు పోసి వెచ్చని చోట ఉంచినచో, కలుషితమైన నీరు నల్లబడును. కుళాయి కొనయందు లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి యుండవలెనన్నది మన ప్రమాణము. దీనిని పరీక్షించుమని పురపాలక సిబ్బందిని కోరవచ్చును.

ఇంటి సంపు విషయమై ప్రత్యేక జాగ్రత్త అవసరము. స్థలము చాలక సంపును, మురుగు చాంబరును ప్రక్కప్రక్కనే కట్టిన ఇండ్లు ఎన్నియో కలవు. సంపు గోడకు నెఱ్ఱె ఉండి, చాంబరు కారుచున్నచో మురుగు నేరుగా మంచినీటిలో చేరును. కుళాయి కట్టివేసి, మోటారు నడుపకున్నను సంపులో నీటిమట్టము పెరుగుచున్నచో బయటి నీరు లోనికి వచ్చుచున్నదని నిశ్చయము. అనుమానము తీరువరకు నీటిని తెర్లకాచి, ఒక నిమిషమైనను మరుగనిచ్చి, చల్లార్చి త్రాగవలెను. ఇంటిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి విరేచనములు పట్టుకొన్నచో ఓ.ఆర్.ఎస్. ద్రావణము ఇచ్చుచు ఆసుపత్రికి పోవుటయే గాక, ఇంటి నీటిని, మురుగు లైనును కూడ పరిశీలింపవలెను. కన్నులు పచ్చబడిన గర్భిణిని ఏ మాత్రము ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను.

ఇంటివారు చేయదగిన పరీక్షలు

రంగు పరీక్ష: నేలలో తేమ కనబడినప్పుడు, తినుబండారములలో కలుపు రంగును నీటిలో చిక్కగా కలిపి మరుగుదొడ్డిలో పోసి, మరి రెండు బక్కెట్ల నీరు పోయవలెను. చాంబరులో రంగు కనబడినదా, ఎంత సేపటికి కనబడినది, తేమ ఉన్న చోట కూడ రంగు తేలినదా అని చూడవలెను.

మీటరు పరీక్ష: తేమ మంచినీటి గొట్టమునుండి వచ్చినదా, మురుగు గొట్టమునుండి వచ్చినదా అని సందేహము కలుగును. అన్ని కుళాయిలు కట్టివేసి నీటి మీటరును చూడవలెను. ముల్లు కదలుచున్నచో కారునది మంచినీటి గొట్టము. కదలనిచో మురుగు గొట్టమును అనుమానింపవలెను.

అద్దపు పరీక్ష: రెండు చాంబరుల నడుమ గొట్టము తిన్నగా నున్నదో లేదో తెలిసికొనుటకు పనివారు ఒక చాంబరులో దీపము, రెండవదానిలో ఏటవాలుగా అద్దము పెట్టి చూతురు. వెలుతురు నిండు చందమామవలె కనబడినచో గొట్టము తిన్నగాను, శుభ్రముగాను ఉన్నది. కొంత కోసుకొనిపోయినట్లు కనబడినచో వంకరయో, అడ్డో కలదు. కొత్త ఇల్లు స్వాధీనము చేసికొనుటకు ముందు మేస్త్రిచేత ఈ పరీక్ష చేయించుట మంచిది. నేడు గొట్టములో కెమెరా పంపి చూచు సౌకర్యము కూడ పెద్ద పట్టణములలో లభించుచున్నది.

చేయదగినవి, చేయరానివి

చిన్న అడ్డు పడినప్పుడు రబ్బరు గిన్నె గల పంపుకర్రతో తూమును మూసి, పైకి క్రిందికి గట్టిగా పది పండ్రెండు మార్లు ఆడించినచో చాలవరకు వదలును. వంటింటి తొట్టి క్రింద బక్కెట్టు పెట్టి ట్రాపును విప్పి కడుగుట మరియు మంచిది. ఇనుపచువ్వలతో పొడుచుట వలన గొట్టము చిల్లిపడును.

ఆసిడ్లు పోయుట ఆఖరి ఉపాయముగానైనను మంచిది కాదు. అవి చేతులను, కన్నులను కాల్చును; గొట్టము అతుకులను తినివేయును. అన్నిటికి మించి, ఆసిడు, బ్లీచింగు పొడి కలిసినచో క్లోరిను విషవాయువు పుట్టును. ఒకరు ఉదయము బ్లీచింగు చల్లి, మరియొకరు తెలియక మధ్యాహ్నము ఆసిడు పోసినను ప్రమాదమే. ఈ రెంటిని ఒకే గదిలో ఎన్నడును కలిపి వాడరాదు.

అడ్డు పడకుండ చూచుట అన్నిటికంటె సులభము. మిగిలిన నూనెను తొట్టిలో పోయరాదు. అంట్లు తోము బూడిద, కొబ్బరిపీచు, మెతుకులు, కూరాకు తొడిమలు తూములోనికి పోకుండ జల్లెడ బిళ్ల అమర్పవలెను. రుతుకాలపు గుడ్డలు, ప్యాడులు, పిల్లల డయాపర్లు, ప్లాస్టికు సంచులు మరుగుదొడ్డిలో వేయరాదు; వానిని కాగితములో చుట్టి వేరుగా చెత్తబండికి ఇయ్యవలెను.

సెప్టిక్ ట్యాంకు గల ఇండ్లు

వీధి లైను లేని చోట్ల సెప్టిక్ ట్యాంకే గతి. నిండి పొంగువరకు వేచియుండుట పొరపాటు. అడుగున బురద పెరిగిన కొలది నీరు నిలుచు కాలము తగ్గి, శుద్ధి కాని మురుగు ఇంకుడు గుంతలోనికి పోయి దానిని పూడ్చివేయును. రెండు మూడేండ్లకొకసారి యంత్రపు బండిచే తీయింపవలెను. తీసిన బురదను చెరువులోనో, పొలములోనో పోయక శుద్ధి కేంద్రమునకు చేర్చుదురా అని బండివానిని అడుగుట గృహస్థుని బాధ్యత. ట్యాంకు నీరు ఇంకు చోటు త్రాగునీటి బావికి 18 మీటర్లకు తక్కువ దూరములో నుండరాదు.

మనిషిని దింపరాదు

ఈ వ్యాసములో పాఠకులు తక్కినదంతయు మరచినను ఈ ఒక్కమాట మరువరాదు: మ్యాన్‌హోలులోనికిగాని, సెప్టిక్ ట్యాంకులోనికిగాని ఏ మనిషిని దింపరాదు, తాము దిగరాదు.

మురుగులో హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పుట్టును. కొద్దిగా నున్నప్పుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వచ్చును. ఎక్కువైనచో ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. వాసన లేదు గనుక భయము లేదనుకొని దిగినవాడు క్షణములలో స్మృతి తప్పును. మీథేను వాయువు అగ్గిపుల్లకే అంటుకొనును. ప్రాణవాయువు అచట చాలదు. ఒకడు పడిపోగా, వానిని రక్షింపబోయిన రెండవవాడు, మూడవవాడు కూడ మరణించిన ఘోరములు పలుమారులు జరిగినవి. 2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడు నగరమున ఆంధ్రదేశమునుండి పనికి పోయిన కూలీలిద్దరు మ్యాన్‌హోలులో చిక్కుకొనిరి. దారిన పోవుచున్న ఆటో నడుపు యువకుడొకడు వారిని కాపాడుటకు దిగెను. ముగ్గురును మరణించిరి.

మురుగు లైనులను, సెప్టిక్ ట్యాంకులను రక్షణ సాధనములు లేకుండ మనిషిచేత శుభ్రము చేయించుట 2013వ సంవత్సరపు చట్టము ననుసరించి నేరము. మొదటిసారి నేరమునకే రెండేండ్ల వరకు కారాగారశిక్షగాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఈ నిషేధము పురపాలక సంఘములకే గాక, పని చేయించుకొను గృహస్థునకు కూడ వర్తించును. ఇట్టి మరణములకు చెల్లింపవలసిన పరిహారమును సర్వోన్నత న్యాయస్థానము 2014లో 10 లక్షల రూపాయలుగా నిర్ణయించి, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచినది. కాని ఏ పరిహారమును తండ్రిని తిరిగి తీసికొనిరాజాలదు. ‘ఐదు నిమిషముల పని, ఇప్పుడే దిగి తీసెదను’ అని ఎవరైన ముందుకు వచ్చినచో, కూలి ఎంత తక్కువయైనను, వలదని చెప్పుట మన ధర్మము. ఎవరైన లోపల పడిపోయినచో వెంట దిగక, మూతలన్నియు తెరచి, అగ్నిమాపక దళమునకు కబురు పంపవలెను.

కాలానుసారముగా చేయు పరిశీలన

ఇంటిలో పండుగకు వెల్ల వేయుట ఎట్లు అలవాటో, మురుగు మార్గమును చూచుట కూడ అట్లే అలవాటు కావలెను. అందుకు ఈ క్రమము చాలును:

వారమునకొకసారి – వాడని ప్రతి తూములోను చెంబెడు నీరు పోయుట; జల్లెడ బిళ్లలు కడుగుట.

నెలకొకసారి – వంటింటి ట్రాపును విప్పి కడుగుట. అన్ని తూములలో ఒక్కొక్క బక్కెట్టు నీరు పోసి ఎంత సేపటికి పోవుచున్నదో చూచుట. వెనుకటి నెలకంటె ఆలస్యమైనచో కారణము వెదకుట.

వానకాలమునకు ముందు – చాంబరు మూతలు, గాలిగొట్టము, వాననీటి గొట్టములు పరిశీలించుట. సంపును తోడి, కడిగి, గోడల నెఱ్ఱెలు పూడ్పించుట.

రెండు మూడేండ్లకొకసారి – సెప్టిక్ ట్యాంకు తీయించుట.

ఇల్లు కట్టించునప్పుడు గొట్టములు, చాంబరులు ఎచ్చటెచ్చట నున్నవో, ఎంత లోతున నున్నవో ఒక కాగితముపై గీయించి, దస్తావేజులతో పాటు భద్రపరుపవలెను. అద్దెకున్నవారు ఇంటి యజమానిని ఈ పటము అడుగవచ్చును. లోపము వీధి లైనులో నున్నదని తేలినచో, ఇంటింటివారు వేరువేరుగా మొర పెట్టుకొనుట కంటె, వీధిలోని వారందరును కలిసి, తేదీ, చోటు, ఎన్ని ఇండ్లలో పొంగినదో వ్రాసి పురపాలక కార్యాలయమున అర్జీ నిచ్చి, దాని సంఖ్యను పదిలపరచుకొనవలెను. ఒక ఇంటి మురుగు ప్రక్కయింటి మంచినీటికి శత్రువు. కావున ఈ పనిలో ఇరుగుపొరుగువారు కలిసి నడచుటయే అందరికి క్షేమము.